విప్పే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో ఏ రోడ్డు వెంట నడిచినా సగం విప్పి వదిలేసిన బండి ఒకటి కంటపడుతుంది. బాడీ గోడకి ఆనించి ఉంటుంది, ఇంజను పట్టా కింద ఉంటుంది, ఛాసిస్ ఇటుకల మీద ఉంటుంది, చుట్టూ గడ్డి మొలిచి ఉంటుంది. పాత జీపులైతే మరీనూ. ఓనరు దగ్గర డబ్బు అయిపోయిందనో, మేస్త్రితో పేచీ వచ్చిందనో చెబుతారు. అవీ ఉంటాయి. కానీ మా జీపుకి ఛాసిస్ మార్చాలని నిశ్చయించుకుని ఆ పనికి ప్లాను వేయడానికి కూర్చున్నాక నాకు తెలిసింది వేరు. వాటిలో చాలా బళ్లు ఏదో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయినవి. విప్పేశాక ప్రశ్న పుట్టింది. దానికి జవాబు చెప్పగలిగేది ఆ బండి ఒక్కటే. అప్పటికి అది బండిగా లేదు.

ఈ సంగతి నాకు నేర్పింది మా మేస్త్రి. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. లారీ ఛాసిస్‌లు సాపు చేయడంలో చెయ్యి తిరిగినవాడు, నాన్నగారి రోజుల నుంచీ మా జీపు చూస్తున్నవాడు. "ఎప్పుడు మొదలెడదాం మేస్త్రీ" అని అడిగితే ఆయన పానా చేతిలోకి తీసుకోలేదు.

"ముందు ఓ నోటుబుక్కు కొనుక్కురండి బాబూ. విప్పింతర్వాత ఏది ఎక్కడుందో ఎవర్నడుగుతాం? అడగాల్సినవన్నీ ఇది నాలుగు కాళ్ల మీద నిలబడుండగానే అడిగేద్దాం" అన్నారు.

మాది మహీంద్రా ఎమ్ఎమ్ 540. వీల్‌బేస్ 91 అంగుళాలు, ప్యూజో లైసెన్సు మీద ఇక్కడే తయారైన 2112 సీసీ డీజిల్ ఇంజను, ముందూ వెనకా కమాను కట్టలు, నాలుగు చక్రాలకీ లాగుడు. దీని వంశం రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ విల్లీస్ జీపుల్నే బొంబాయిలో బిగించి అమ్మడంతో మహీంద్రా బళ్ల కథ మొదలైంది. అక్కడ అమెరికాలో ఆ మోడళ్లు ఆగిపోయాక కూడా ఇక్కడ దశాబ్దాలపాటు వాటినే సాగదీస్తూ, ఇంజన్లు మారుస్తూ నడిపించారు. అందుకే 540 అడుగున పడుకుని చూస్తే కనబడేది పాతకాలపు నిచ్చెన ఛాసిసే. పొడుగునా రెండు పట్టీలు, వాటి మధ్య అడ్డపట్టీలు, బయటికి పొడుచుకొచ్చిన కమాను బ్రాకెట్లు. అంతకు మించి దాపరికం లేదు. 2010లో థార్ వచ్చినప్పుడు చూపులకి మా బండి చెల్లెలిలాగే ఉంది గానీ, దాని సీఆర్‌డీఈ ఇంజను రకానికి ముందు కమాన్లు తీసేసి టార్షన్ బార్లు పెట్టారు. ఆ ఛాసిస్ తెచ్చి దీని కింద దూర్చడం కుదరదు.

నాన్నగారు దీన్ని కొన్నది బందరు అవతల టైగర్ రొయ్యల చెరువులు వేసిన రోజుల్లో. తొంభైల నడిమికి తెల్లమచ్చ జబ్బు వచ్చి కోస్తా పొడుగునా చెరువులు ఎండగట్టుకున్నారు. చాలామంది బళ్లు అమ్ముకున్నారు. నాన్నగారు అమ్మలేదు. తర్వాత ఎన్నో ఏళ్లకి వనామీ వచ్చింది, మళ్లీ చెరువులకి నీళ్లొచ్చాయి, జీపుకి పనొచ్చింది. వానాకాలం నల్లమట్టి గట్ల మీద ఇంకే బండీ నిలబడదు, ఇదొక్కటే వెళ్తుంది. వెనక ఐసు పెట్టెలు ఉంటాయి. ఐసు కరిగిన నీళ్లు, చెరువు ఉప్పునీళ్లు కలిసి ఫ్లోరు రేకు అతుకుల్లోంచి కారి నేరుగా వెనక అడ్డపట్టీ మీద పడతాయి. ముప్ఫయ్యేళ్ల ఆ కారుడు వెనక కమాన్ల బ్రాకెట్ల దాకా ఇనుముని తినేసింది.

తుప్పు ఛాసిస్‌ని తినడానికి ఒక తీరు ఉంది. పట్టీ సి అక్షరంలా ఒక పక్క తెరిచి ఉంటుంది. కింది రెక్క మీద మట్టి పేరుకుంటుంది. అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు. పైన రంగు బాగానే ఉన్నట్టు కనబడుతుంది, మట్టి కింద ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. బలం కోసం తెరిచిన వైపుని కూడా రేకుతో మూసి పెట్టెలా చేసినచోట ఇంకా కష్టం. తేమ లోపలికి వెళ్తుంది, బయటికి రాదు, తినడం లోపల్నుంచి బయటికి వస్తుంది. చిల్లు కనబడే నాటికి చుట్టూ జానెడు మేర కాగితమంత పలచనై ఉంటుంది. మేస్త్రి చిన్న సుత్తితో ముందు నుంచి వెనక్కి కొట్టుకుంటూ వెళ్లారు. బాగున్న ఇనుము మీద సుత్తి ఎగిరొస్తుంది, మోత వస్తుంది. వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి మోత చచ్చిపోయింది, సుత్తి ఎగరడం మానేసింది, ఎర్రటి పెళ్లలు ఆయన చొక్కా మీద రాలాయి. మోత మారిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీయించారు నాచేత. పైకెత్తి చూస్తే ఆ గీతలు బండి అడుగున ఒక పటంలా ఏర్పడ్డాయి. ముందు సగం గట్టిగా ఉంది, గేర్‌బాక్సు అడ్డపట్టీ దాటాక సందేహం మొదలైంది, వెనక భాగం పోయింది.

నోటుబుక్కులో మొదటి ప్రశ్న ఇదీ: అసలు మార్చాలా, అతుకు వేస్తే చాలదా?

అతుకులు అప్పటికే ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కుడి పట్టీ కింది రెక్క మీద ఒక పలక పెట్టి నాలుగు వైపులా వెల్డింగ్ చేశారు. పలక దిట్టంగానే ఉంది. దాని అంచుని ఆనుకుని, వెల్డింగ్ అయిపోయినచోట, వెంట్రుకంత పగులు నిలువునా పైకి పాకుతోంది. మేస్త్రి టార్చి వేసి చూపించారు. బరువు పడి పట్టీ వంగినప్పుడు పై రెక్క నొక్కుకుంటుంది, కింది రెక్క సాగుతుంది, నడుమ నిలువుగా ఉన్న భాగానికి పడే శ్రమ తక్కువ. అందుకే లారీ పనివాళ్లు చిల్లు వేయాలన్నా బ్రాకెట్ బిగించాలన్నా నిలువు భాగంలోనే చేస్తారు, రెక్కల జోలికి వెళ్లరు. రెక్కకి అడ్డంగా వెల్డింగ్ గీత గీస్తే, ఇనుము ఎక్కువ సాగాల్సినచోటే గట్టి ఇనుముకీ మెత్తటి ఇనుముకీ మధ్య ఒక గట్టు కట్టినట్టే. గతుకుల రోడ్డు మీద ఏళ్ల తరబడి సాగీ నొక్కుకునీ అక్కడే విరుగుతుంది. ఆ అతుకు వేసినవాడు పని దొంగ కాదు, వెల్డింగ్ పూస చూస్తే తెలుస్తుంది. వేయాల్సిన చోటు తెలియలేదు, అంతే.

అంచేత వెనక భాగం మార్చక తప్పదు. అయితే ముందు సగం బాగుందిగా? దాన్ని అలాగే ఉంచి, గేర్‌బాక్సు వెనక నుంచి కొత్త పట్టీలు కలిపితే? ఈ ఆలోచన మీద నాకు చాలా ఆశ పుట్టింది. కారణం ఇనుము కాదు. ఛాసిస్ నంబరు.

మనిషికి వేలిముద్ర ఎలాగో చట్టం కళ్లకి బండికి ఆ నంబరు అలాగ. ఇంజను మార్చొచ్చు, బాడీ మార్చొచ్చు, రంగు మార్చొచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం మీదున్న బండి ఇదేనా అని తేల్చడానికి ఇనస్పెక్టరు పెన్సిలు పెట్టి కాగితం మీద రుద్ది ప్రింట్ తీసుకునేది ఆ పట్టీ మీద గుద్దిన అంకెల్నే. మా బండికి అవి ముందు చక్రం దగ్గర, గట్టిగా ఉన్న సగంలో ఉన్నాయి. ఆ సగం ఉంచితే మరమ్మతు అవుతుంది. మొత్తం తీసేస్తే బండి గుర్తింపే మారినట్టు అవుతుంది.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ఈ విషయంలో కచ్చితంగా ఉంది. రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. ఆ తీర్పు మాట పాత జీపులవాళ్లందరికీ తెలుసు. హర్యానాలో మండీ డబ్వాలీ అని ఒక ఊరుంది, అక్కడ పాత సామాన్లతో జీపులు కట్టి దేశమంతా పంపేవాళ్లు. చూడముచ్చటగా ఉండేవి. కాగితం ఒక బండిది, కింద ఛాసిస్ ఇంకో బండిది అయిన జీపు కొన్నవాడి పాట్లు మాత్రం చెప్పనలవి కాదు. ఇక పాత ఛాసిస్ మీద నంబరున్న ముక్క కోసి కొత్తదానికి అతికించే "సర్దుబాటు" గురించి కూడా నాకు ఒకరిద్దరు సలహా ఇచ్చారు. దొంగ బళ్లకి చేసేది సరిగ్గా అదే పని. ముప్ఫయ్యేళ్లు నిజాయితీగా పనిచేసిన బండికి ఆ గతి పట్టించడం నావల్ల కాదు.

ఈ విషయంలో బ్రిటన్ పద్ధతి తెలుసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యమూ అసూయా రెండూ కలిగాయి. అక్కడి పాత బండి ల్యాండ్ రోవర్. 1948లో మొదలైంది, యుద్ధం తర్వాత ఇనుముకి కటకట కాబట్టి బాడీకి అల్యూమినియం వాడారు, కింద ఛాసిస్ మాత్రం మూసిన పెట్టెలాంటి ఇనుప పట్టీలతో కట్టారు. బాడీ చెక్కుచెదరదు, ఛాసిస్‌ని మాత్రం తుప్పు లోపల్నుంచి తినేస్తుంది. అందుకని కొత్త ఛాసిస్‌లు చేసి, జింకు పూత పూసి అమ్మే వ్యాపారమే అక్కడ పుట్టుకొచ్చింది. బాగా మార్పులు చేసిన బండి తన పాత నంబరు నిలుపుకోవడానికి అక్కడ ఎన్నో ఏళ్లు నడిచిన లెక్క ఒకటి ఉండేది. ఛాసిస్‌కి 5 పాయింట్లు, స్టీరింగ్‌కి 2, సస్పెన్షన్‌కి 2, యాక్సిళ్లకి 2, గేర్‌బాక్సు వ్యవస్థకి 2, ఇంజనుకి 1. పాతవి ఉంచుకున్నవాటి మొత్తం 8కి తగ్గకూడదు. ఛాసిస్ పాతదైనా ఉండాలి, లేదా తయారీదారు పద్ధతిలోనే చేసిన కొత్తదై రసీదుతో ఉండాలి. అంటే బండి అంటే ఏమిటన్న ప్రశ్నకి ఒక ప్రభుత్వం కూర్చుని అంకెల్లో జవాబు రాసింది. ఇంజనుకి ఒకటే ఇచ్చి ఛాసిస్‌కి అయిదు ఇవ్వడంలో వాళ్ల తూకం సరైనదేనని నాకనిపిస్తుంది. మన దగ్గర ఆ లెక్క లేదు. ముందు అడగాలి, రాతపూర్వకంగా అడగాలి, అనుమతి చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. ఇంకోటి కూడా చూసుకోవాలి. సొంత బళ్లకి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని ఎదురుగా నిలబెట్టి పొడిగించుకోవాలి. విప్పిన బండిని నిలబెట్టలేం. ఆ గడువు పని మధ్యలో పడకూడదు. ఆటోనగర్ గడ్డిలో ఉన్నవాటిలో కొన్నింటి చరిత్ర ఇదే అయి ఉంటుంది.

సరే, ముందు సగం ఉంచుకోవడమే మేలని నాలో నేను దాదాపు తేల్చేసుకున్నాను. మేస్త్రి కాదనలేదు, అవుననలేదు. "కొలుద్దాం" అన్నారు.

షెడ్డులో సిమెంటు గచ్చు కడిగి ఆరబెట్టాం. టైర్లలో గాలి నాలుగింటికీ సమానం చేశాం. బండి మీద సామానంతా దించేశాం. తాపీవాళ్లు గోడ నిలువు చూసుకునే గుండు ఒకటి తెచ్చి, దాని దారాన్ని ముందు ఎడమ కమాను పిన్ను మధ్యకి సరిగ్గా పట్టుకుని కిందికి వదిలారు. గుండు కాసేపు ఊగింది. ఊగడం పూర్తిగా ఆగేదాకా ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నారు. మొన గచ్చుకి తాకీ తాకకుండా నిలిచాక నేను కింద పెన్సిలుతో చుక్క పెట్టి చుట్టూ సుద్దతో గుండ్రం చుట్టాను. అలా కమాను పిన్నులన్నింటికీ, బాడీ బోల్టులన్నింటికీ, ఇంజను మౌంట్లకీ, గేర్‌బాక్సు అడ్డపట్టీ బోల్టులకీ, స్టీరింగ్ పెట్టె బోల్టులకీ. ఎత్తులు వేరే పేజీలో రాశాం. తర్వాత బండిని పక్కకి నెట్టేశాం. గచ్చు మీద ఛాసిస్ లేకుండానే ఛాసిస్ మిగిలింది, సుద్ద గుండ్రాలుగా.

ఇక మూల నుంచి మూలకి. ముందు ఎడమ చుక్క నుంచి గేర్‌బాక్సు దగ్గర కుడి చుక్కకి దారం లాగి ముడివేశాం. అదే దారాన్ని ముందు కుడి నుంచి ఎడమకి లాగాం. రెండూ సమానంగా ఉంటే నాలుగు మూలలూ మూలమట్టంగా ఉన్నట్టు. ముడి పదకొండు మిల్లీమీటర్లు తప్పింది. మళ్లీ లాగాం, అంతే. వెనక సగానికి లాగితే రెండు మిల్లీమీటర్లు, అది పట్టించుకోనక్కర్లేదు.

అంటే తుప్పు తినేసిన వెనక సగం తిన్నగా ఉంది. గట్టిగా మోగిన ముందు సగం వంకరపోయి ఉంది. కుడి పట్టీ ఎడమదానికంటే వెనక్కి జరిగి, చదరం కాస్తా పక్కకి ఒరిగింది. గుద్దుకున్న గుర్తు ఎక్కడా లేదు. మేస్త్రి ముందు బంపరు హుక్కులు రెండూ తడిమి చూశారు. ఒకటి అరిగి గుంటపడింది, రెండోది కొత్తదానిలా ఉంది. గట్ల మీద దిగబడ్డ ట్రాక్టర్లని ఎన్నో ఏళ్లుగా గొలుసు వేసి లాగింది ఈ జీపు. గొలుసు తగిలించడానికి ఎప్పుడూ ఒకే హుక్కు చేతికందేది. లాగిన ప్రతిసారీ ఆ పక్క పట్టీ ఒక్కటే బరువు మోసింది.

అప్పుడే ఇంకోటి కూడా కనబడింది. కుడి ముందు బాడీ మౌంటు రబ్బరు కింద మూడు వాషర్లు ఉన్నాయి. మిగతా చోట్ల ఒకటి, లేదా అసలు లేవు. ఎప్పుడో బానెట్టుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు ఎక్కువైతే ఎవరో వాషర్లు వేసి బాడీని లేపి సందు సరిచేశారు. వంకర పోయింది ఛాసిస్, సర్దుకున్నది బాడీ. బాడీ ముందే దింపేసి ఉంటే ఆ వాషర్లు డబ్బాలో మిగతా వాషర్లతో కలిసిపోయేవి. అవి మూడూ ఒకేచోట ఎందుకున్నాయని అడిగే అవకాశమే ఉండేది కాదు.

నా ఆశకి అక్కడితో చుక్క పడింది. ఒరిగిపోయిన ముందు సగానికి తిన్నని వెనక సగం అతికిస్తే ఇరుసులు రెండూ ఒకదానికొకటి సమంగా ఉండవు, బండి ఎప్పటికీ పక్కకి లాగుతూనే ఉంటుంది. మొత్తం మార్చాలి. అనుమతి దరఖాస్తు మొత్తానికి పెట్టాలి. ఒక గుండు, ఒక దారం ఈ సంగతి చెప్పాయి. బండి నిలబడి ఉంది కాబట్టి చెప్పాయి.

కొత్త ఛాసిస్‌కి నమూనా ఏది? తయారీదారు దగ్గర ఇప్పుడు దొరకదు. సైన్యం వేలంలో అమ్మేసిన బళ్ల ఛాసిస్‌లు పాత ఇనుము కొట్లలో దొరుకుతాయి గానీ, వాటి మీద ఇంకో బండి నంబరు ఉంటుంది. ఆ గొడవ మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి చేయించాలి. చేయించడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పాత ఛాసిస్. కొత్త జాకెట్టు కుట్టడానికి దర్జీకి ఆది ఇచ్చినట్టు ఇవ్వాలి. కాకపోతే ఇక్కడ ఆదే వంకరపోయి ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు నకలు చేస్తే వంకర కూడా నకలవుతుంది. మేస్త్రి దీనికి చెప్పిన మాట చాలా తేలిగ్గా ఉంది, నాకు మాత్రం తట్టలేదు. చదరం ఒరిగినప్పుడు భుజాల పొడుగు మారదు, మూలలే మారతాయి. అందుకని ఏ పట్టీ కొలత ఆ పట్టీ మీంచే తీసుకుందాం, చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరాలన్నీ అలాగే ఉంచుదాం, రెండు పట్టీల్నీ ఎదురెదురుగా నిలబెట్టేటప్పుడు మాత్రం పాతదాన్ని నమ్మకుండా మూలమట్టాన్ని నమ్ముదాం. ముందు కమాను పిన్నులు, ఆ తర్వాత ఇంజనూ గేర్‌బాక్సూ, ఆ తర్వాత స్టీరింగ్ పెట్టె. బాడీ బ్రాకెట్లు అన్నిటికంటే చివర్న, బాడీ పైన పెట్టి చూశాకే పూర్తిగా వెల్డింగ్. ఎందుకంటే ఆ బాడీ ముప్ఫయ్యేళ్లుగా వంకర ఛాసిస్ మీద కూర్చుని దానికి తగ్గట్టు మారి ఉంటుంది. తిన్నని దాని మీద పెడితే ఎక్కడ ఎంత సందు వస్తుందో ఇప్పుడే చెప్పలేం. చెప్పలేని దాన్ని చివరికి ఉంచడం కూడా ప్లానే.

చిల్లుల సంగతి వచ్చేసరికి నాకు ఈ పనిమీద అసలైన ప్రేమ పుట్టింది. పొడుగు పట్టీల మీద ఎన్ని చిల్లులో. ప్రతిదానికీ ఒక వరస రాసుకుని పక్కన "ఎందుకు" అని గడి పెట్టాం. కొన్నిటికి జవాబు వెంటనే దొరుకుతుంది. బ్రేకు పైపు క్లిప్పు, వైరింగ్ క్లిప్పు, షాక్ అబ్జార్బరు. కొన్ని ఫ్యాక్టరీలో పట్టీని అచ్చులో నిలబెట్టుకోవడానికి వేసుకున్నవి. ఎడమ పట్టీ వెనక భాగంలో మాత్రం చేత్తో వేసినట్టున్న నాలుగు చిల్లులు, అంచులు గరుకుగా, వరస కొంచెం తప్పి ఉన్నాయి. వాటి ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాత గుర్తొచ్చింది, టైగర్ రొయ్యల రోజుల్లో నాన్నగారు నీళ్లు తోడే మోటారుకి స్టాండు ఒకటి ఈ జీపు పక్కకి బిగించి తిప్పేవారు. ఆ స్టాండు పోయి పాతికేళ్లయింది. చిల్లులు ఉన్నాయి.

"అవి కూడా వేయిద్దామా మేస్త్రీ?" అన్నాను.

"పని లేని చిల్లు వద్దు బాబూ. మీ నాన్నగారు నిలువులోనే వేశారు చూడండి, రెక్క ముట్టుకోలేదు. అది రాసుకోండి బుక్కులో" అన్నారు. రాసుకున్నాను.

జవాబు దొరకని చిల్లులు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి జాగా, సైజు రాసిపెట్టాం గానీ కొత్త పట్టీకి వేయించం. అవసరమైతే తర్వాత చిల్లు వేయడం అయిదు నిమిషాల పని, వేసిన చిల్లు పూడ్చడం మాత్రం అయ్యే పని కాదు.

రేకు గురించి నేనే కొంత చదువుకున్నాను. మామూలుగా షెడ్లకీ గేట్లకీ వాడే ఇనుప రేకుతో పట్టీ వంచితే వంపు దగ్గర సన్నగా చీరుకునే ప్రమాదం ఉంది. వంచడానికీ బరువు మోయడానికీ కలిపి పనికొచ్చే రేకుకి ఐఎస్ 5986 అనే ప్రమాణం ఉంది, వాహనాల పట్టీలకి వాడేది ఆ రకమే. ఇంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ మన విశాఖలో ఉంది కదా అనుకుంటాం గానీ, అక్కడ చేసేవి కడ్డీలు, తీగ చుట్టలు, కోణపు పట్టీలు, దూలాలు. రేకు బయటి రాష్ట్రాల నుంచే రావాలి. దాని టెస్టు సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. అది రవాణా కార్యాలయానికి ఇచ్చే కాగితాల్లోనూ పనికొస్తుంది.

పట్టీల్ని మొత్తం పెట్టెలా మూసేస్తే బలం కదా అని నా తమ్ముడి వరసవాడొకడు అన్నాడు. బలమే. కానీ గట్టు దిగేటప్పుడు ఒక ముందు చక్రం గుంటలో, ఎదురు మూల వెనక చక్రం దిబ్బ మీద ఉంటాయి. అప్పుడు నిచ్చెన ఛాసిస్ మెలి తిరుగుతుంది, మెలి తిరగడం దాని పనిలో భాగం. లారీ ఛాసిస్‌లకి రివిట్లు వాడేది కూడా ఆ కాస్త కదలికకి చోటివ్వడానికే. అన్నిచోట్లా బిగదీసేస్తే ఆ మెలి ఎక్కడికీ పోదు, బ్రాకెట్ల మొదళ్లలోకి వెళ్లి అక్కడ పగుల్తుంది. అందుకని ఫ్యాక్టరీవాడు ఎక్కడ మూశాడో అక్కడే మూయాలి, మిగతాది తెరిచే ఉంచాలి. ఒక్క మార్పు మాత్రం పట్టుబట్టి చేయిస్తున్నాను. మూసిన ప్రతి పెట్టెకీ అడుగున నీళ్లు కారే చిల్లు, పైన గాలి ఆడే చిల్లు. జింకు తొట్టిలో ముంచాలంటే అవి ఎలాగూ ఉండాలి. కరిగిన జింకు వేడి దాదాపు 450 డిగ్రీలు ఉంటుంది, మూసుకుపోయిన గదిలో తడి చిక్కితే ఆవిరై పేలుతుంది. జింకు పూత మన ప్రాంతంలో కరెంటు టవర్లకీ దీపస్తంభాలకీ వేస్తూనే ఉంటారు. మన ఛాసిస్ పొడుగు తొట్టిలో పడుతుందా, ఆ వేడికి పట్టీ వంగితే ఎవరు సాపు చేస్తారు అన్నవి ముందే మాట్లాడుకోవాల్సినవి. ముంచి తీశాక మళ్లీ గచ్చు మీద గుండు వదిలి కొలుస్తామని బుక్కులో ఒక పేజీ ఖాళీగా వదిలాం. ఉప్పునీళ్లలో తిరిగే బండికి రెడ్ ఆక్సైడ్ ఒక్కటి చాలదు.

మిగతావన్నీ జాబితాలో ఉన్నాయి, ఇక్కడ ఏకరువు పెట్టను. బ్రేకు పైపులు విప్పితే విరుగుతాయి కాబట్టి విప్పకముందే కొత్తవి కొనాలి. వైరింగ్‌కి ప్రతి కొసకీ బట్ట లేబులు కట్టాలి, కాగితమైతే నూనెకి చెరిగిపోతుంది. వెల్డింగ్ మొదలెట్టే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగలు విడదీయాలి. డీజిల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టాలి. ఇంజనూ గేర్‌బాక్సూ చైన్‌బ్లాక్‌తో కలిపే దింపాలి. ఇవన్నీ ఏ మంచి మేస్త్రికైనా తెలిసినవే.

కాలం మాత్రం నేను ఎంచుకున్నాను. సంక్రాంతి దాటాక గట్లు ఆరిపోతాయి, చెరువుల దగ్గరికి ట్రాక్టరూ మోటారు సైకిలూ సరిపోతాయి, జీపు లేకపోయినా పని ఆగదు. గాలిలో తేమ కూడా తగ్గుతుంది. తొలకరి లోపు బండి మళ్లీ చక్రాల మీద నిలబడాలి. అది దాటితే పని నాకు తొందరవుతుంది, తొందరలో మేస్త్రి మాట మీద నా మాట పెరుగుతుంది, అలాంటిది జరగకూడదని ఇద్దరం అనుకున్నాం. ఇనుముకీ వంపులకీ జింకుకీ డబ్బు విడివిడిగా ముందే కట్టిపెట్టాను. ఏదో ఒక దశలో డబ్బు చాలకపోతే ఆ దశ మొదలెట్టకుండా ఆగాలి, మధ్యలో ఆగకూడదు.

దరఖాస్తు కిందటి వారం ఇచ్చాను. పాత ఛాసిస్ ఫోటోలు, సుద్ద గుండ్రాల ఫోటోలు, మూలల కొలతలు, నంబరు పెన్సిలు ప్రింటు, చేయించబోయే చోటి కొటేషన్ జతచేశాను. పాత ఛాసిస్‌ని ముక్క కూడా అమ్మకుండా అధికారులు చెప్పిన చోట అప్పగిస్తానని విడిగా రాసిచ్చాను. కౌంటరులోని అమ్మాయి కాగితాలన్నీ తిరగేసి, గచ్చు మీద సుద్ద గీతల ఫోటో దగ్గర ఆగి, "ఇదేంటండీ?" అని అడిగింది. చెప్పాను. మొత్తం విని, ఆ ఫోటోని దొంతర మధ్యలోంచి తీసి అన్నిటికంటే పైన పెట్టి క్లిప్పు కొట్టింది.